అష్టమి నాడు పాలకాయతిప్ప



మా ఇంట్లో ఎవరు ఏ ఊరు బయల్దేరాలన్నా ముందు గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళాలి. సెలవు ఉందా లేదా అని కాదు, తిథి ఏమిటని. అష్టమో నవమో అయితే మా అమ్మ గుమ్మం దాటనివ్వదు. "రేపు వెళ్ళండి, కొంపలేం మునగవు" అంటుంది. ఆవిడ నోట ఈ 'కొంపలు మునగడం' ఉత్త మాటవరసకి వచ్చేది కాదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఆమధ్య ఒక ఏడు మాఘపౌర్ణమి వెళ్ళిన వారానికి ఒక ఆదివారం దొరికింది. దొరికింది అని ఎందుకంటున్నానంటే, మా పెద్దమ్మాయికి ట్యూషనూ, చిన్నాడికి క్రికెట్టూ, మా ఆవిడకి ఆఫీసు పనీ, హైదరాబాదు నుంచి కొత్త కారులో దిగిన మా బావమరిదికి తిరుగు ప్రయాణమూ లేని రోజు అదొక్కటే. హంసలదీవి వెళ్దామనుకున్నాం. కృష్ణ సముద్రంలో కలిసే చోటు. బెజవాడ నుంచి సుమారు 110 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే రాత్రి అన్నాలకి ఇంటికొచ్చేయొచ్చు. తీరా క్యాలెండరు చూస్తే బహుళ అష్టమి. ఇంకేముంది, ప్రయాణం ఆగినట్టే అనుకున్నాం. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఎక్కడికీ, దివిసీమకా?" అని అడిగింది. అవునన్నాను. "నేనూ వస్తా" అంది.

అమ్మ పుట్టిల్లు కోడూరు అవతల ఒక పల్లె. ఆవిడ అటువైపు వెళ్ళి నలభై ఏళ్ళు దాటింది.

తెల్లవారుజామున పులిహోర, దద్దోజనం డబ్బాల్లో సర్దుకుని, నీళ్ళ క్యాను ఒకటి డిక్కీలో పడేసుకుని బయల్దేరాం. పామర్రు దగ్గర బందరు రోడ్డు వదిలి కుడికి తిరిగాం. కూచిపూడి దాటాం, చల్లపల్లి దాటాం, మోపిదేవిలో దిగి సుబ్బారాయుడికి దణ్ణం పెట్టుకున్నాం. ఈ దారంతా మీలో చాలామందికి తెలిసిందే కనక ఇక్కడ ఆగను. పులిగడ్డ దగ్గర మాత్రం ఆగాలి.

కృష్ణ అక్కడ రెండు పాయలుగా చీలిపోతుంది. ఆ పాయల నడుమ, మూడో పక్క సముద్రం పెట్టుకుని ఉన్న నేలే దివిసీమ. తూర్పు పాయ మీద అక్విడక్టు ఉంది. కింద నది. నది మీద, తొట్టిలాంటి కట్టడంలో, కాలువ. మా చిన్నాడు కిందికీ పైకీ నాలుగుసార్లు చూసి, "రెండూ నీళ్ళే కదా నాన్నా, పక్కనే నది పెట్టుకుని పైన మళ్ళీ కాలువ ఎందుకు?" అన్నాడు. మంచి ప్రశ్న. సముద్రం దగ్గరపడేకొద్దీ నదిలోకి ఉప్పు ఎగదన్నుతుంది, ఆ నీళ్ళు పైరుకి పనికిరావు. అందుకని ఎగువన బెజవాడలో, 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ 70 గేట్ల వెనక నిలబెట్టిన కృష్ణ నీళ్ళనే కాలువకి మళ్ళించి, ఇక్కడిదాకా తెచ్చి, అదే కృష్ణ నెత్తి మీదుగా దాటించి దివిసీమ పొలాలకి ఇస్తారు. ఆ కాలువ ఆగితే దీవిలో వరి లేదు. నెల్లూరు జిల్లా నుంచి ఇటు శ్రీకాకుళం దాకా కోస్తా అంతా తిరిగాను గాని, నదిని నదే మోసుకుపోవడం నేను ఇంకెక్కడా చూడలేదు.

అవనిగడ్డ దాటాక రోడ్డు సన్నబడింది. వరి పొలాలు పోయి రొయ్యల చెరువులు వచ్చాయి. చెరువుల్లో గాలి చక్రాలు గిర్రున తిరుగుతూ నీళ్ళు చిమ్ముతున్నాయి. హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి దగ్గర దిగాం. దేవతలు ఒక్క రాత్రిలో గుడి కడుతుంటే కోడి కూసిందని, గోపురం సగంలో వదిలేసి వెళ్ళిపోయారని అక్కడివాళ్ళు చెబుతారు. ఇంకొక కథ, ఊరికి పేరు తెచ్చిన కథ: పాపాలు మోసి మోసి నల్లబడి కాకైపోయిన గంగ, తీర్థాలన్నీ మునుగుతూ వచ్చి ఇక్కడ మునిగి హంసై లేచిందట. "మరి హంస మునిగితే ఏమవుతుంది?" అన్నాడు చిన్నాడు. స్థలపురాణంలో దానికి జవాబు లేదు. పూజారిగారు నవ్వి వాడి చేతిలో ఇంకొంచెం ప్రసాదం పెట్టారు.

గుడి దగ్గర్నుంచి ఇంకా ముందుకి వెళితే పాలకాయతిప్ప. జాలర్ల పల్లె. అక్కడ అటవీశాఖ చెక్‌పోస్టు. ఆ పైన కృష్ణా అభయారణ్యం. చెక్‌పోస్టు దగ్గర కుర్రాడు మూడు మాటలు చెప్పాడు. ప్లాస్టిక్కు పారేయొద్దు, చీకటి పడకముందే వచ్చేయండి, బండి దారి దిగనీయొద్దు. మొదటి రెండూ పాటించాం.

దారి పక్కన మడ అడవి. పేరుకి అడవే గాని మనిషికి రెట్టింపు ఎత్తు ఉంటే ఎక్కువ. అడుసులోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేలకొద్దీ వేళ్ళు పైకి లేచి ఉన్నాయి. బురదలో గాలాడదు కనక ఆ చెట్టు వేళ్ళని పైకి పంపి ఊపిరి పీల్చుకుంటుంది. అమ్మ ఒక మడ ఆకు తుంచి మా అమ్మాయికిచ్చి, "నాకి చూడు" అంది. ఆకు మీద సన్నటి పలుకులు, ఎండకి తళతళా మెరుస్తున్నాయి. ఉప్పు. వేళ్ళతో తాగిన ఉప్పునీళ్ళలోంచి మిగిలిన ఉప్పుని ఆకు చెమటలా బయటికి తోసేస్తుంది. చిన్నప్పుడు ఆవిడ వాళ్ళు గేదెలకి ఈ మండలే కోసుకొచ్చేవారట. అదే చేత్తో చిన్నాడి చెయ్యి పట్టి ఇంకొక చెట్టు దగ్గర్నుంచి వెనక్కి లాగింది. "అది తిల్ల. దాని పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయి." నలభై ఏళ్ళ తర్వాత వచ్చిన మనిషి, కారు దిగి నిమిషం కాలేదు.

అడవి అయిపోయిందో లేదో, ఒక్కసారిగా సముద్రం.

మీరు విశాఖ రామకృష్ణా బీచి చూసి ఉంటారు, చీరాల, సూర్యలంక చూసి ఉంటారు. అక్కడ సముద్రం కంటే ముందు మొక్కజొన్న పొత్తుల వాసన వస్తుంది. ఇక్కడ ఏమీ లేదు. బండి లేదు, గుడారం లేదు, మనిషి లేడు. పౌర్ణమి తిరునాళ్ళకి వచ్చిన జనం వదిలేసిన కొబ్బరిచిప్పలు కొన్ని, ఒక ఒంటి చెప్పు, అంతే. బూడిద రంగు ఇసుక ఎడంపక్క కనుచూపు మేర, కుడిపక్క కనుచూపు మేర. అల వెనక్కి పోగానే తడి ఇసుక మీద ఉల్లంకి పిట్టలు బొంగరాల్లా పరుగెత్తుకొచ్చి, ముక్కులతో నాలుగు పోట్లు పొడిచి, మళ్ళీ అల వచ్చేలోగా వెనక్కి పరుగెడుతున్నాయి. కాస్త దూరాన ఇసుకంతా ఎర్రగా కనిపించింది. కుంకం ఎవరో ఒలకబోశారనుకున్నాం. దగ్గరికెళితే ఎరుపంతా కన్నాల్లోకి దిగిపోయింది. పీతలు. కదలకుండా కూర్చుంటే ఒక్కొక్కటే కళ్ళు పైకెత్తి చూసి, మళ్ళీ వచ్చాయి. మా పిల్లలు అరగంట కదలకుండా కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఒడ్డున వలతో దడి కట్టిన చిన్న చోటు ఉంది. తాబేళ్ళ గుడ్లు పొదిగించే చోటు. దాని లోపల ఇసుకలో వరసగా పుల్లలు పాతి, ఒక్కో పుల్లకి ఒక్కో చీటీ కట్టి ఉంది. చీటీ మీద తేదీ, గుడ్ల లెక్క. ఆలివ్ రిడ్లే అనే ఈ సముద్రపు తాబేలు చలికాలం చివర్లో రాత్రిపూట ఒడ్డుకి వచ్చి, వెనక కాళ్ళతో మూరెడు గొయ్యి తీసి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, పూడ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోతుంది. వదిలేస్తే కుక్కలూ నక్కలూ తవ్వుకు తింటాయి. అందుకని తెల్లారకముందే కాపలా కుర్రాళ్ళు తీరం వెంట నడిచి, జాడ చూసి గుడ్లు తెచ్చి ఇక్కడ పాతుతారు. ఏడెనిమిది వారాలకి పిల్లలు వస్తాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. ఈ ముక్క వినగానే మా ఆవిడ, "అయితే మన బెజవాడ ఎండకి అన్నీ ఆడపిల్లలే" అంది. నవ్వుకున్నాం గాని, ఎండలు ముదిరిపోతున్న ఈ రోజుల్లో ప్రపంచమంతా శాస్త్రవేత్తలు భయపడుతున్నది సరిగ్గా దానికే.

దడి దాటి వంద అడుగులు వేశామో లేదో, ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి ఉంది. చచ్చి రెండ్రోజులై ఉంటుంది. దెబ్బ ఏదీ కనపడలేదు. నీళ్ళలో బతికేదే గాని తాబేలు పీల్చేది మనలాగే గాలి. పెద్ద వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చనిపోతుంది. చిన్నాడు దాని డిప్ప మీద ఇసుక దులిపి, ఏమీ అడగకుండా వచ్చేశాడు.

ఇక సంగమం. ఒడ్డునే ఇంకా నాలుగైదు కిలోమీటర్లు పోవాలి. దారి గట్టిగానే ఉంది. కానీ తడి ఇసుక ఇంకా గట్టిగా, తారు రోడ్డులా నున్నగా కనిపించింది మా బావమరిది కళ్ళకి. సినిమాల్లో చూపిస్తారు కదా, అలల పక్కనే కారు దూసుకుపోవడం. నేను వద్దనలేదు. ఆ మాట ఒప్పుకోవాలి. గుడ్లు పెట్టే ఇసుక మీద చక్రాలు ఎక్కించకూడదని అప్పుడే విని వచ్చాం, అయినా వద్దనలేదు. దూసుకుపోయింది కూడా, ఓ నిమిషం. తర్వాత ముందు చక్రాలు కూరుకుపోయాయి. ఇంజను గట్టిగా నడిపేకొద్దీ ఇంకా దిగబడింది. చెప్పులు పెట్టి చూశాం, చక్రాల కింద కారులోని చాపలు పరిచి చూశాం. చాపలు లోపలికెళ్ళిపోయాయి. ఫోనులో సిగ్నలు లేదు. మా ఆవిడా అమ్మాయీ పల్లె వైపు నడిచారు ట్రాక్టరు కోసం. మేం ముగ్గురం మగవాళ్ళం, అంటే చిన్నాడితో కలిపి, అమ్మా మిగిలాం.

చిన్నాడు నది చూడాలన్నాడు. సంగమం అక్కణ్ణుంచి కనపడుతోంది. వాణ్ణి తీసుకుని నడిచాను. నీళ్ళు పుక్కిట పట్టి ఉమ్మేశాడు. "నది కూడా ఉప్పగానే ఉంది నాన్నా." మహాబలేశ్వరం కొండల్లో పుట్టి 1,400 కిలోమీటర్లు నడిచి వచ్చిన నది. ఆలమట్టి, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, మా బ్యారేజీ, అన్నిచోట్లా పంచుకుంటూ వచ్చేసరికి, వరదల రోజులు పోతే, సముద్రానికి ఇవ్వడానికి ఆవిడ దగ్గర పెద్దగా ఏమీ మిగలదు. పూర్వం నీళ్ళతోపాటు ఒండ్రు కూడా వచ్చేది. ఈ దివిసీమ పుట్టింది ఆ ఒండ్రుతోనే. ఇప్పుడు అది డ్యాముల అడుగునే నిలిచిపోతోంది. కొత్త మట్టి రాకపోతే సముద్రం పాత మట్టిని కోసుకుపోతుంది. డెల్టా అంచు చాలాచోట్ల అలాగే కరిగిపోతోంది. నేను రోజూ పొద్దున తాగే నీళ్ళకి ఇక్కడ ఇలా లెక్క తేలుతోందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

వెనక్కి వచ్చేసరికి అమ్మ కారు నీడన ఇసుకలో కూర్చుని ఉంది. తనంతట తనే మొదలుపెట్టింది.

1977 నవంబరు 19, శనివారం. అమ్మకి అప్పుడు పదిహేడేళ్ళు. అక్కగారి సీమంతానికని బెజవాడ వచ్చి ఉండిపోయింది. ఆ రోజు తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. దాటింది చీరాల దగ్గరైతే దెబ్బ దివిసీమకెందుకు తగిలింది? మన వైపు తుపాను గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. కన్ను ఒడ్డెక్కుతుంటే దానికి కుడిపక్కన ఉన్న తీరం మీదికి గాలి సముద్రాన్ని తోసుకొస్తుంది. చీరాలకి కుడిపక్కన ఉన్నది దివిసీమ. అయిదారు మీటర్ల ఎత్తున నీళ్ళు లేచి, అడ్డంలేని పల్లపు నేల మీద మైళ్ళ కొద్దీ లోపలికి వచ్చాయి. పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ళు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవాళ్ళు పదివేలకి పైనే. వరి కోతకొచ్చి ఉన్న రోజులు. మండలి వెంకటకృష్ణారావుగారు ఇక్కడి మనిషే, ఆ సహాయ కార్యక్రమాల్లో ఆయన పడ్డ పాటు దివిసీమలో ఇప్పటికీ చెప్పుకుంటారు. సినిమా హీరోలు రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టి ఊళ్ళు తిరిగారు. ఇదంతా మీరు విన్నదే.

అమ్మ చెప్పింది ఇదేదీ కాదు. బిందెల గురించి చెప్పింది. నీళ్ళు తీశాక వాళ్ళ నాన్న బందరు మీదుగా వచ్చి ఊరు వెతికాడట. ఊరు ఇదీ అని గుర్తుపట్టడానికి ఏమీ లేదు. పొలాల్లో, గట్ల మీద, తుమ్మ చెట్ల మీద ఇత్తడి సామాన్లు చిక్కుకుని ఉన్నాయి. మన ఇళ్ళల్లో బిందె మీదా చెంబు మీదా పేరు కొట్టిస్తాం కదా. ఒక్కొక్కటే తీసి, బురద తుడిచి, పేరు చదివారట. ఫలానా వాళ్ళ బిందె ఇక్కడుంది. ఆ ఫలానా వాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. మా అమ్మమ్మ పేరున్న చెంబు నాలుగు మైళ్ళ అవతల దొరికింది. అమ్మమ్మ దొరకలేదు. మా ఇంట్లో దేవుడి దగ్గర ఉండే సొట్ట చెంబు అదేనని నాకు ఆ రోజు తెలిసింది. ఎన్నిసార్లో, ఆ సొట్ట తీయించి మెరుగు పెట్టిద్దామని నేనే అన్నాను.

"ఇక్కడ ఎవరూ లేరు, భలే ఉంది" అని మా బావమరిది పొద్దున్న అన్నాడు. నేనూ అనుకున్నాను. అమ్మ ఆ మాట విందో లేదో నేను అడగలేదు.

ట్రాక్టరు వచ్చింది. నడిపేది ఒక పెద్దాయన, వెనక ఇద్దరు కుర్రాళ్ళు. తాడు కట్టారు, రెండు ఊపుల్లో లాగేశారు. డబ్బు ఇవ్వబోతే డీజిలు ఖర్చు మాత్రం తీసుకున్నారు. పెద్దాయన సముద్రం వైపు చూపించి, "ఇవాళ అష్టమి కాబట్టి సరిపోయింది బాబూ. పోటు పెద్దగా ఎక్కదు. పోయిన వారం పున్నానికి వచ్చుంటే ఈపాటికి మీ బండి నీళ్ళలో ఉండేది" అన్నాడు. పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యుడూ చంద్రుడూ ఒక్క వరసలో ఉండి లాగుతారు, పోటు ఎత్తుగా వస్తుంది. అష్టమికి ఒకరికొకరు అడ్డంగా లాగుతారు, పోటు తగ్గుతుంది. జాలర్లకి ఇది పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు.

మా ఆవిడ నవ్వి, "విన్నారా అత్తయ్యా, అష్టమే మనల్ని కాపాడింది" అంది.

అమ్మ నవ్వలేదు. "ఉప్పెన వచ్చింది నవమి నాడమ్మా" అంది.

ఇంటికి వచ్చాక పాత పంచాంగం తిరగేశాను. నిజమే. కార్తీక శుద్ధ నవమి. పోటు తక్కువగా ఉండే రోజుల్లోనే ఆ సముద్రం లేచింది. అది చంద్రుడు లాగిన నీరు కాదు, గాలి తోసిన నీరు. దానికి తిథితో పనిలేదు. ఈ మాట నేను అమ్మకి చెప్పొచ్చు. చెప్పలేదు.

హంసలదీవి వెళ్ళాలనుకునేవాళ్ళకి నాలుగు మాటలు. కోడూరు దాటాక తిండి దొరుకుతుందని నమ్ముకోకండి, నీళ్ళూ అన్నమూ వెంట ఉంచుకోండి. సంగమం దగ్గర మోకాలు దాటి దిగకండి, అక్కడ అడుగున ఇసుక ఉన్నట్టుండి జారిపోతుంది, ఈత వచ్చినవాళ్ళూ పోయారు. కారు దారి దిగనీయకండి. తాబేళ్ళని చూడాలంటే మాఘ ఫాల్గుణాలు మంచివి. ఇసుక మీద సావకాశంగా నడవాలంటే పౌర్ణమి, అమావాస్యలు వదిలేసి అష్టమి చూసుకుని వెళ్ళండి.

నవమి సంగతి మాత్రం నేను చెప్పను. మా అమ్మ రేడియో వింటూ ఉంటుంది.